దోమ దూరని వ్యాను

దోమ లేకపోతే కాపురం లేదు!

ఈ మాట చదవగానే మీరు పేపరు మడిచేస్తారని తెలుసు. మడిచిన ఆ పేపరుతోనే మోకాలి మీద ఒక దోమను కొట్టి, మళ్ళీ విప్పుకుని చదువుతారనీ తెలుసు. గోదావరి జిల్లాల్లో పేపరు తెప్పించుకునేది సగం అందుకే కదండీ!

కాబట్టి కాస్త ఓపిక పట్టండి. దోమ విషయంలో ఇంతకాలం మనం ఒకవైపు వాదనే విన్నాం. డాక్టర్లు చెప్పింది విన్నాం, కాయిల్స్ అమ్మేవాళ్ళు చెప్పింది విన్నాం. దోమ తరఫున ఒక్క ప్లీడరైనా లేచి నిలబడ్డాడా? లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసకర్త నల్లకోటు తొడుక్కున్నాడు.

ఆలోచించండి! బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒళ్ళు వంచని మనిషి చేత రోజూ సాయంత్రం చేతులు, కాళ్ళు, మెడ, వీపు ఆడించి వ్యాయామం చేయిస్తున్నది ఎవరు? పైసా ఫీజు అడిగిందా? ఇంటింటికీ ఒక కరెంటు బ్యాటు చేతికిచ్చి, షటిల్ అంటే ఏంటో తెలియని ఇల్లాళ్ళని కూడా ఛాంపియన్లని చేసింది ఎవరు? పొద్దుగూకాక జరిగే బహిరంగ సభల్లో ఆ చప్పట్లన్నీ ఉపన్యాసానికేనని మీరు నిజంగా నమ్ముతున్నారా?

చుట్టాల సంగతి సరేసరి. వేసవి సెలవులన్నీ ఇక్కడే గడుపుదామని పెట్టెలతో దిగిన బంధువు మర్నాడు పొద్దున్నే ఒళ్ళు గోక్కుంటూ బస్సెక్కాడంటే ఆ పుణ్యం ఎవరిది? మీరు పొమ్మనలేదు. మీ ఆవిడ మొహం చిట్లించలేదు. పని మాత్రం జరిగిపోయింది!

అయితే ఇవన్నీ చిల్లర ఉపకారాలు. దోమ చేసిన మహోపకారం ఇంకొకటుంది. అది తెలియాలంటే ముందు మీకు ఉదయభాస్కర్ గారి వ్యాను సంగతి తెలియాలి.

రామచంద్రపురం నుంచి యానాం వెళ్ళే దారిలో, కాలవగట్టు పక్కన ఒక ఊరుంది. పేరెందుకు లెండి, ఆ దారిలో ఏ ఊరు పేరు పెట్టుకున్నా కథ మారదు. ఆ ఊళ్ళో ఉదయభాస్కర్‌ది ఉమ్మడి కుటుంబం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. మొన్న మాఘమాసంలో ఆత్రేయపురం అమ్మాయి హారతితో పెళ్ళయింది. పెళ్ళికి ముందు అతను ఒక తప్పు చేశాడు. తన గదికి ఏసీ పెట్టించాడు.

ఆ ఇంట్లో అదొక్కటే ఏసీ.

ఉగాది వరకూ బాగానే గడిచింది. ఉగాది దాటి ఎండలు ముదిరిన రోజున తల్లి నాగదుర్గ గారు వచ్చి, "అమ్మాయ్, మామ్మకి ఒళ్ళంతా చెమటకాయలు వచ్చేసినియ్యే. ఈ ఒక్క రాత్రికీ మీ గదిలో ఓ మూల పడుకుంటుంది" అన్నారు. మామ్మ అంటే ఉదయభాస్కర్ నాయనమ్మ చిట్టెమ్మ గారు. వద్దనేదెవరు? మామ్మ వచ్చింది. మామ్మకి రాత్రిపూట మంచినీళ్ళు ఇవ్వాలి కాబట్టి నాగదుర్గ గారు వచ్చారు. పరీక్షలకి చదువుకుంటున్న తమ్ముడు గణేష్‌బాబు, చల్లగా ఉంటే చదివింది బుర్రకెక్కుతుందని దిండూ ఛార్జరూ పట్టుకొచ్చాడు. తండ్రి వీరవెంకటసత్యనారాయణ గారు పెద్దమనిషి. కొడుకూ కోడలూ ఉండే గదిలోకి ఆయన ఎలా వస్తారు? అందుకని పరువుగా కొన్నాళ్ళు వరండాలోనే ఉక్కబోతలో దొర్లి, ఆ తర్వాత నవారు మంచం సహా వచ్చేశారు.

ఆ విధంగా కొత్త దంపతులు పెళ్ళి ఫోటోలో తప్ప మరెక్కడా పక్కపక్కన లేరు.

వాట్సాప్ ఉందిగా అంటారు మీరు. ఉంది. కానీ ఉదయభాస్కర్ ఫోన్ ఇంటిల్లిపాదికీ సొంతం. మామ్మ అందులో భజనలు వింటుంది, గణేష్‌బాబు క్రికెట్ చూస్తాడు, నాగదుర్గ గారు అందులోనే చీరలు చూస్తారు. ఒకసారి హారతి వంటింట్లోంచి "ఏం చేస్తున్నారు?" అని మెసేజ్ పెడితే, "నీళ్ళు పోసుకుంటున్నాడమ్మా!" అని హాల్లోంచి అత్తగారు కేకేసి జవాబిచ్చారు. ఆ తర్వాత ఆ పిల్ల ఫోను జోలికి పోలేదు.

సరిగ్గా అప్పుడే ఉదయభాస్కర్ ఆ వీడియోలు చూశాడు. విదేశాల్లో మొగుడూ పెళ్ళాం ఒక వ్యాన్‌లో కాపురం పెట్టేస్తారు. చిన్న పరుపు, చిన్న స్టవ్వు, కిటికీ అవతల కొండలు. అందరూ ఆ కొండలు చూసి ముచ్చటపడతారు. మనవాడి కళ్ళు మాత్రం వ్యాను తలుపుకి లోపలివైపున్న గడియ మీద పడ్డాయి. ఆ వీడియోని అక్కడే ఆపి చాలాసేపు చూశాడు.

ఒక కాన్వెంటు వాళ్ళు పక్కన పడేసిన పాత స్కూలు వ్యాను దొరికింది. పసుపురంగు, కిటికీలకి ఇనప ఊచలు, పిల్లలు చెక్కిన పేర్లతో బల్లలు. దాన్ని తెచ్చి పెరట్లో కొబ్బరిచెట్ల కింద పెట్టి, దీన్ని బాగుచేసి హారతిని మారేడుమిల్లి అడవిలోకి తీసుకెళ్తానని ఇంట్లో ప్రకటించాడు. ఇద్దరే, రెండే రోజులు. అతను కోరింది అంతే. ఈ భూమ్మీద ఒక మగవాడు తన భార్య కోసం ఇంతకంటే చిన్న కోరిక కోరి ఉండడు!

వ్యాను వచ్చిన సాయంత్రమే హారతి అతని పక్కకి వచ్చి మెల్లగా, "ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలండి" అంది.

"చెప్పు" అన్నాడు ఉదయభాస్కర్, ఆనందంగా.

"ఇక్కడ కాదండి. మనిద్దరమే ఉన్నప్పుడు..."

"ఏంటమ్మా ఆ మాట?" అంటూ నాగదుర్గ గారు మజ్జిగ గ్లాసులతో వ్యాను వెనకనుంచి ప్రత్యక్షమయ్యారు. "ఏం లేదత్తయ్యగారూ" అని హారతి గ్లాసు అందుకుంది.

ఆ మాట ఏమిటో ఈ వ్యాసకర్తకి కూడా తెలియదు. చెప్పనిస్తేగా!

ఇక దోమల సంగతి. మొదటి రోజు వ్యానులో కూర్చుని కిటికీలు తెరిస్తే దోమలు, మూస్తే చెమట. పెరటి వెనకే కాలవ. కాలవ నిండా గుర్రపుడెక్క. ఆ గుర్రపుడెక్క కింద పుట్టి పెరిగిన దోమలకి మన ఊరి దోమలన్న మొహమాటం కూడా ఉండదు. బల్లలు పీకి పరుపు వేసుకోవడం సులువే, ఈ రెండింటి మధ్య బతకడమే కష్టమని ఉదయభాస్కర్‌కి అర్థమైంది. కిటికీలకి తెరలు కట్టాలి. గాలి ఆడే దారి చూడాలి.

మన ఇళ్ళలో ఒక మనిషి ఒక పని మొదలుపెట్టాడంటే అది అతని పనిగా ఎంతసేపు ఉంటుంది? సుత్తి చప్పుడు వినపడే వరకే!

ముందు తండ్రి రంగంలోకి దిగారు. సత్యనారాయణ గారి పేరెంత పొడుగో ఆయన రొయ్యల చెరువులూ అంత పొడుగు. "ఒరేయ్, చెరువుగట్టు చుట్టూ నేను కట్టిన నెట్టు చూసేవా? అందులోంచి పీతపిల్ల దూరిందేమో ఊళ్ళో ఎవర్నైనా అడుగు. దోమెంత, దాని లెక్కెంత!" అని ఒక చుట్ట నెట్టు తెచ్చి తానే దగ్గరుండి కిటికీలకి బిగించారు.

ఆయన మాట నిజమే. ఒక్క పీత కూడా వ్యానులోకి రాలేదు. దోమలు మాత్రం రెక్కలు ముడుచుకోనక్కర లేకుండా, పెళ్ళివారిలా కబుర్లు చెప్పుకుంటూ వచ్చేశాయి.

పరువు పోయిందని ఆయన ఊరుకున్నారా? చెరువులోకి కాలవనీళ్ళు వదిలేటప్పుడు చేపగుడ్లు కూడా రాకుండా తూముకి కట్టే సన్ననెట్టు ఒకటుంటుంది. అది తెచ్చారు. ఈసారి దోమ ఆగింది. దోమతో పాటు గాలీ ఆగింది. పరీక్ష చేయడానికి లోపల కూర్చున్న ఉదయభాస్కర్ కాసేపటికి ఇడ్లీలా ఉడికి బయటికొచ్చాడు. "చూసేవా, ఒక్కటైనా కుట్టిందా?" అన్నారు సత్యనారాయణ గారు. కుట్టలేదని కొడుకు ఒప్పుకున్నాడు. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

తర్వాత ఉదయభాస్కర్ తన పద్ధతిలో మామూలు దోమతెర గుడ్డ కొనుక్కొచ్చి వెల్‌క్రో పట్టీలతో అంటించాడు. వీడియోలో ఆ దేశంవాడు అలాగే అంటించాడు. ఆ దేశంలో వైశాఖమాసం ఉండదన్న సంగతి వీడియోలో చెప్పలేదు. మధ్యాహ్నానికి రేకు కాగి, జిగురు కరిగి, తెరలన్నీ జారి పరుపు మీద పడ్డాయి. సాయంత్రం వ్యాను ఎక్కిన దోమలకి పడుకోవడానికి మెత్తగా వీలైంది.

గణేష్‌బాబు ఊరుకుంటాడా? వ్యాను పైకప్పుకి కన్నం కోయించి, బ్యాటరీ మీద తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించే పని తనమీద వేసుకున్నాడు. బిగించాడు. కాకపోతే తిరగేసి బిగించాడు. లోపలి గాలిని బయటికి పంపాల్సిన ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగడం మొదలెట్టింది.

"ఫ్యానన్నాక గాలి మన మీదకి రావాలి కదన్నయ్యా" అన్నాడు.

వచ్చింది. పక్కింటి హరిబాబు గారి వంటింట్లో వేగుతున్న ఎండుచేపల వాసన వచ్చింది. కాలవ వాసన వచ్చింది. అంతవరకూ తోవ వెతుక్కుంటూ రావలసిన దోమలకి పికప్ సర్వీసు ఏర్పాటైంది!

చివరికి ఇల్లంతా కూర్చుని, ఏ గాలి ఎటు పోవాలన్నది తేల్చడానికి ఒక సమావేశం పెట్టారు. వేడిగాలి పైకి పోతుందని, కిందినుంచి చల్లగాలి వస్తుందని లెక్చరర్ గారు పిల్లలకి ఏటా చెప్పే పాఠం మళ్ళీ చెప్పారు. "పైకి పోతే మన మేడమీద గదిలో వేడెక్కువ ఎందుకుంటుందిరా?" అన్నారు నాగదుర్గ గారు. "అందుకేనమ్మా" అన్నాడు ఉదయభాస్కర్. "అందుకే అంటే? నేను కట్టించిన గదికి నువ్వు వంక పెడతావేంటి?" అన్నారు సత్యనారాయణ గారు. సమావేశం అక్కడితో వాయిదా పడింది.

ఈ గొడవంతా చూసి హారతి కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఆ అమ్మాయి పనితనం మెచ్చుకోవాలి. జిగురు ప్రసక్తే లేకుండా, దిండుకి గలీబు తొడిగినట్టు ముందు తలుపుల మొత్తానికి తెర తొడిగేసింది. కిటికీ తెరలకి అంచుల్లో ఎలాస్టిక్ వేసి ఊచలకి బిగువుగా పట్టేలా చేసింది. వెనక తలుపుకి రెండు తెరలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేలాడదీసి, కింద అంచులో వలలకి కట్టే సీసం గుళ్ళు పెట్టి కుట్టింది. మనిషి దూరి వెళ్ళగానే తెర తనంతట తానే మూసుకుంటుంది. దోమకి సందు లేదు. ఉదయభాస్కర్ ఫ్యానుని తిరగేసి, దాని కింద కూడా తెర వేసి, నీడవైపు నేలకి దగ్గరగా గాలి రావడానికి ఒక కన్నం చేశాడు. వాన పడకుండా పైకప్పు కన్నానికి నాగదుర్గ గారి పెద్ద గుండిగ మూత గొడుగయింది.

అసలు హారతి మిషను ముందు కూర్చుంది తెరల కోసం కాదు. కొలతలు తీయాలంటే వ్యానులో ఇద్దరూ ఉండాలి. ఒకరు టేపు ఈ చివర, ఒకరు ఆ చివర. ఆ కాస్త సమయంలో తన మాట చెప్పేద్దామని.

"ఏమండీ, నాకు అసలు..." అని మొదలుపెట్టింది ఒకరోజు.

"ఆఁ, చెప్పు!" అన్నాడు టేపు వదిలేసి.

వెనక తెర పక్కకి తొలిగింది. సాంబ్రాణి ధూపం పట్టుకుని మామ్మ ఎక్కింది. "కొత్త బండి. దిష్టి తగలకుండా పొగ వేస్తాను, మీ పని మీరు చూసుకోండర్రా" అని ఇద్దరి మధ్యా బైఠాయించింది. పొగ ముందు వాళ్ళ కళ్ళల్లోకి, ఆ తర్వాత తిన్నగా పైకి లేచి, ఫ్యానులోంచి దూరి, గుండిగ మూత కిందనుంచి బయటికి పోయింది. వ్యాను అంటుకుందనుకుని హరిబాబు గారు బకెట్టుతో పరిగెత్తుకొచ్చారు. విషయం తెలిసి, బకెట్టు కింద పెట్టి, లోపలికెక్కి కూర్చున్నారు.

"అబ్బ, గాలి బలే తగులుతుందండి! ఒక్క దోమ లేదు!" అన్నారు.

కొంప అక్కడే మునిగింది.

ఎండాకాలం మన ఊళ్ళలో దీపాలు పెట్టే వేళకి కరెంటు పోవడం మామూలే. ఏసీ మూగబోతుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి, కాలవమీదినుంచి దోమలు దిగుతాయి. ఆ సాయంత్రం కరెంటు పోగానే, బ్యాటరీ మీద చల్లగా తిరుగుతున్న వ్యాను ఫ్యాను అందరికీ గుర్తొచ్చింది. మామ్మ ముందెక్కింది. ఆవిడ వెనక అత్తగారు కూరగాయలూ కత్తిపీటా పట్టుకుని ఎక్కారు. గణేష్‌బాబు పుస్తకాలతో ఎక్కాడు. సత్యనారాయణ గారు ఆ తెరలో తన నెట్టు కూడా కొంత ఉందని చెబుతూ ఎక్కారు. నిజానికి లేదు, తీసేశారు. హరిబాబు గారు తన కుర్చీ తాను తెచ్చుకున్నారు, మరీ ఇబ్బంది పెట్టకూడదని. వ్యాను నిండిపోయింది. సొంత వ్యానులో చోటు లేక ఉదయభాస్కర్ బయట నిలబడి చేతులు చరుచుకున్నాడు.

హారతి ఒక కాలు మెట్టుమీద పెట్టి, లోపలికి చూసి, దిగిపోయింది.

మరి మారేడుమిల్లి? ఉదయభాస్కర్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఒక ఆదివారం ముహూర్తం పెట్టాడు. తెల్లవారే సరికి స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, తాళాలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి వ్యానులో మామ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. పట్టుచీరలో. నాగదుర్గ గారి ఒళ్ళో పులిహోర గిన్నె. సత్యనారాయణ గారు ముందుసీట్లో. గణేష్‌బాబు స్పీకరు బిగిస్తున్నాడు.

"ఏంట్రా ఇంత ఆలస్యం? ఎండెక్కితే మామ్మ తట్టుకోలేదు. కోడలిని పిలు" అన్నారు నాగదుర్గ గారు.

హారతి గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. ఇంతమంది మధ్య ఇక ఆ మాట ఎప్పటికీ చెప్పలేనని ఏడ్చేసేలా ఉంది. ఆ మొహం చూస్తే ఉదయభాస్కర్‌కి ఒక ఉపాయం తోచింది. వ్యాను ఎక్కి తాళం తిప్పాడు, గేరు రాడ్డు అటూ ఇటూ కదిపాడు, దిగాడు.

"గేరు పడట్లేదు నాన్నా" అన్నాడు.

మెకానికల్ లెక్చరర్ గారు అన్నాక ఎవరు కాదంటారు? పులిహోర అక్కడే తిన్నారు. వ్యాను ఆ కొబ్బరిచెట్ల కింద స్థిరపడిపోయింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అందులో సభ. పేకాట, కూరగాయలు తరగడం, పరీక్షల చదువు, మామ్మ భజన, అన్నీ ఆ ఒక్క ఫ్యాను కిందే.

ఇప్పుడు చెప్పండి. ఆ మొగుడూ పెళ్ళాం ఎక్కడికి పోవాలి? ఇంట్లో గదికి ఏసీ ఉందని జనం. వ్యానుకి తెర ఉందని జనం. ఈ దేశంలో ఒక మనిషి తన భార్య కోసం ఏ సుఖం ఏర్పాటు చేసినా, అందులో ముందు కూర్చునేది భార్య తప్ప మిగతా అందరూ. దోమని ఆపే తెర బజార్లో మూరల లెక్కన దొరుకుతుంది. అయినవాళ్ళని ఆపే తెర ఏ కొట్లో అమ్ముతారండి?

ఆ ఆదివారం సాయంత్రం కూడా కరెంటు పోయింది. వ్యాను నిండింది. ఉదయభాస్కర్ ఏమీ తోచక మేడ ఎక్కాడు. అక్కడికి ఆ వేళప్పుడు ఎవరూ వెళ్ళరు. కాలవ గుర్రపుడెక్కకి ఎదురుగా ఉన్న మేడ అది. పొద్దువాలాక అక్కడ నిలబడితే దోమలు మనిషిని ఎత్తుకెళ్ళిపోతాయని ఊళ్ళో అంటారు. ఎత్తుకెళ్తే బాగుండునని అనుకుంటూనే ఎక్కాడు.

కాసేపటికి మెట్లమీద గాజుల చప్పుడు. హారతి.

ఇద్దరూ అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. కిందినుంచి "షో!" అని గణేష్‌బాబు కేక వినపడింది. పేకాట మొదలైందన్నమాట. ఎవరూ రారు. దోమలు మాత్రం మేఘంలా కమ్ముకున్నాయి. హారతి కొంగు తలమీదుగా కప్పుకుని, మిగతా కొంగు అతని భుజాల చుట్టూ వేసింది. పెళ్ళయ్యాక అంత దగ్గరగా కూర్చోవడం ఎన్నాళ్ళకో!

"ఇప్పుడు చెప్పు" అన్నాడు ఉదయభాస్కర్.

"మీరు ఏమీ అనుకోనంటే చెబుతానండి."

"ఏమీ అనుకోను."

"నాకు వ్యాను పడదండి."

"అంటే?"

"ఎక్కితే వాంతులండి. పెట్రోలు వాసన తగిలితేనే కడుపులో తిప్పేస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆత్రేయపురం నుంచి రావులపాలెం వెళ్ళాలన్నా బండి రెండుసార్లు ఆపాలి. మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు అంటే..." అని కళ్ళు తుడుచుకుంది. "మీరు వ్యాను తెచ్చిన రోజే చెబుదామనుకున్నాను. అందరి ముందూ చెబితే మిమ్మల్ని నవ్వుతారని..."

ఉదయభాస్కర్ నోరు తెరుచుకుని చూశాడు. నోట్లోకి ఒక దోమ పోయింది. మింగేశాడు.

"మరి పెళ్ళయిన రోజు ఆత్రేయపురం నుంచి కార్లో ఇంతదూరం వచ్చావుగా? బాగానే ఉన్నావే?"

"దారంతా చేతిలో నిమ్మకాయ పట్టుకుని వాసన చూస్తూ వచ్చానండి. మీరు చూడలేదా?"

"చూశాను. పెళ్ళికూతురికి దిష్టి తగలకుండా ఇచ్చారనుకున్నా."

"అందరూ అలాగే అనుకున్నారండి. మీ అమ్మగారైతే ఆ నిమ్మకాయ పారేయొద్దని దేవుడి దగ్గర కూడా పెట్టారు."

ఉదయభాస్కర్‌కి నవ్వు ఆగలేదు. హారతికి కూడా ఆగలేదు. ఎవరైనా వింటారేమోనని ఆ పిల్ల అతని నోరు చేత్తో మూసింది. ఎవరూ వినలేదు. ఇంతమంది మనుషులు, ఇన్నాళ్ళు, ఇంత శ్రమ, పైకప్పుకి కన్నం, అత్తగారి గుండిగ మూత... ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం చెప్పుకోవడానికి ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి చోటు దొరకలేదు! చివరికి ఆ చోటు ఇచ్చింది ఎవరు? దోమ!

"అయితే వ్యాను అమ్మేద్దామా?" అన్నాడు.

"అయ్యో, ఎందుకండి!" అంది హారతి కంగారుగా. "వ్యాను లేకపోతే వాళ్ళంతా ఎక్కడ కూర్చుంటారు? ఇక్కడికే వస్తారు."

తెలివైన పిల్ల. మర్నాడే ఉదయభాస్కర్ వ్యానులో రెండో ఫ్యాను పెట్టించాడు. వెనక బల్లకి మెత్తలు కుట్టించాడు. హరిబాబు గారి కుర్చీకి ఒక చోటు ప్రత్యేకంగా కేటాయించాడు. "మా పెద్దోడికి ఇంట్లోవాళ్ళ సుఖం తప్ప ఇంకోటి పట్టదండి" అని నాగదుర్గ గారు వీధంతా చెప్పుకున్నారు. రోజూ సాయంత్రం కరెంటు పోగానే, మేడమీద ఇద్దరు మనుషులు ఒక దుప్పటి కప్పుకుని, మధ్యమధ్య ఒకరినొకరు చరుచుకుంటూ, ఆపకుండా మాట్లాడుకున్నారు. ఇంత ఆనందంగా దెబ్బలు తిన్న మొగుణ్ణి ఈ వ్యాసకర్త ఎక్కడా చూడలేదు.

అంతా బాగుందనగా హరిబాబు గారు పంచాయతీకి వెళ్ళి ఫిర్యాదు చేశారు. తన ఇంటి నుంచి వ్యాను దాకా నడిచే లోపల దోమలు పీక్కుతింటున్నాయట! కాలవలో గుర్రపుడెక్క తీయించి, వీధంతా పొగ కొట్టించాలట!

ఆ కబురు విన్న ఉదయభాస్కర్‌కి జరగబోయేది కళ్ళకి కట్టింది. దోమలు పోతే మేడమీద కాలవగాలి. కాలవగాలి తగిలితే మామ్మ చాప. మామ్మ చాప వెనక ఎవరెవరు వస్తారో మీకు చెప్పనక్కర లేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాడు. సెక్రటరీ రాజ్ కుమార్ గారు లేచి మరీ పలకరించారు.

"రండి లెక్చరర్ గారూ! మీ వీధి దోమల గురించేనా? ఈ వారంలోనే పొగ కొట్టించేస్తామండి. గుర్రపుడెక్క కూడా వేళ్ళతో సహా పీకించేస్తాం."

"ఆయ్, అదేనండి. వద్దని చెబుదామని వచ్చానండి."

సెక్రటరీ గారు సరిగ్గా వినపడలేదనుకున్నారు. "ఏంటండి?"

"దోమల్ని ఉంచేయండి. మాకేం ఇబ్బంది లేదండి."

"అదేంటండి బాబూ! చదువుకున్నవారు, మీరే ఇలాగంటే ఎలాగండి? జ్వరాలొస్తాయండి!"

"దుప్పటి కప్పుకునే కూర్చుంటున్నామండి."

"ఎక్కడ కూర్చుంటున్నారండి?"

"మేడమీదండి."

"ఎవరెవరు?"

ఉదయభాస్కర్ తల వంచుకున్నాడు. "నేనూ... మా ఆవిడానండి."

సెక్రటరీ గారు చేతిలో పెన్ను కింద పెట్టారు. కాసేపు అతని మొహం, మోచేతుల మీది దద్దుర్లు చూశారు.

"కొత్తగా పెళ్ళయిందాండి?"

"మాఘమాసంలోనండి."

"ఉమ్మడి కుటుంబమా?"

"ఆయ్."

"ఇంట్లో ఏసీ ఒకటేనా?"

"ఒకటేనండి."

సెక్రటరీ గారు లేచి వెళ్ళి గది తలుపు దగ్గరకి వేసి వచ్చారు. కుర్చీ దగ్గరకి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"సాయంత్రంపూట ఆ మేడమీదకి నిజంగా ఎవరూ రారాండి?"

"మనిషన్నవాడు రాడండి."

సెక్రటరీ గారు గట్టిగా నిట్టూర్చారు. "అయితే మీ వీధికి పొగ ఇప్పట్లో వద్దు లెండి. మిషను పాడైందని చెప్పేస్తాను. కానీ లెక్చరర్ గారూ, మీరేమీ అనుకోకపోతే ఒక్క మాట... మీ కాలవలో గుర్రపుడెక్క ఓ బండెడు తీయించి, మా ఇంటి వెనక కాలవలో వేయించుకోమంటారా?"